లక్షేళ్ళు వెనకబడ్డ చుక్క

నిధికి దారి చూపే పటం అనగానే చిరుగులు పడ్డ తోలుముక్కనీ, దాని మూల మీద పుర్రె బొమ్మనీ ఊహించుకునేరు. హైమవతికి దొరికింది అలాంటిది కాదు. కంప్యూటర్ తెర మీద మెల్లగా కదిలే భూగోళం అది. దాన్ని తయారుచేసింది కూడా ఆవిడే.

విశాఖపట్నంలో పటాలు తయారుచెయ్యడమే ఆవిడ ఉద్యోగం. ఈ భూగోళానికి అడుగున ఒక పట్టీ, దాని మీద జరిగే ఒక గుండీ ఉంటాయి. గుండీ వెనక్కి జరిపితే కాలం వెనక్కి పోతుంది. హిమాలయాలు అణగారి చదునైపోతాయి. మన దేశం ఆసియాను వదిలేసి, సముద్రానికి అడ్డంపడి దక్షిణానికి జారిపోతుంది. పదమూడు కోట్ల ఏళ్ళు దాటించారంటే మన తూర్పు కనుమలు వెళ్ళి అంటార్కిటికా ఒడ్డుకు అతుక్కుంటాయి. మధ్యలో సముద్రం లేదు, మంచు లేదు. అంతా ఒకటే నేల.

ఆ అతుకును వెతుక్కుంటూనే ఆవిడ భర్త దివాకరం రెండుసార్లు అంటార్కిటికా వెళ్ళాడు. ఆయన రాళ్ళ శాస్త్రం చదివినవాడు. రెండోసారి వెళ్ళి తిరిగి రాలేదు. మంచు పొర కప్పిన పగులు మీద కాలు వేశాడు, పొర కూలింది, అంతే. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. ఇక్కడ బంధువులు దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. ఆ గడ్డిబొమ్మ కాలుతుంటే హైమవతికి ఏడుపు రాలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. "ఇది ఆయన కాదు!" అని అందరి ముందూ అనేసి లేచి వచ్చేసింది. పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఆ తరవాత రెండేళ్ళు ఆవిడ ఆ పటం జోలికి పోలేదు. ఆఫీసుకు వెళ్ళేది, ఇంటికి వచ్చేది, ఒక్కదాని కోసం వండుకోవడం దండగని అటుకులు నానబెట్టుకుని తినేది. ఫోన్ మోగితే ఎత్తేది కాదు. ఒక సాయంత్రం ఎవరో విద్యార్థులు పాత పటం కావాలని అడిగితే తప్పనిసరై తెరిచింది.

పటం మీద తాను పెట్టని చుక్కలు రెండున్నాయి. ఎర్ర చుక్క అంటార్కిటికా మంచులో, దివాకరం మొదటి యాత్రలో గుడారం వేసుకున్న చోట ఉంది. ఆకుపచ్చ చుక్క ఇక్కడే, మన ఏజెన్సీ కొండల్లో ఉంది. దాని కింద, "హైమా, ఈ గుహకి రా. తెచ్చిపెట్టాను," అని ఉంది. తేదీ చూసింది. ఆఖరి ప్రయాణానికి ముందు రోజుది. గుండీ పట్టుకుని వెనక్కి లాగింది. సముద్రం ఇరుకైంది, ఇరుకై ఇరుకై మాయమైంది. ఎర్ర చుక్కా ఆకుపచ్చ చుక్కా దగ్గరికి జరిగి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఏం తెచ్చిపెట్టావయ్యా?" అని ఆవిడ తెరను పట్టుకుని అడిగింది.

*

జవాబు కొంత ఉమాపతి దగ్గర దొరికింది. దివాకరం దగ్గర పని నేర్చుకుని, రెండు యాత్రల్లోనూ ఆయన వెంట ఉన్నవాడు. బొద్దుగా ఉంటాడు, త్వరగా ఆయాసపడతాడు, రాళ్ళ పేరెత్తితే మాత్రం ఆయాసం మరిచిపోతాడు.

"మొదటి యాత్రలో ఒక రాయి తప్పిపోయింది వదినా! ఎర్రటి గార్నెట్ మణులు దానిమ్మ గింజల్లా కిక్కిరిసిన రాయి. తెచ్చిన పెట్టెల్లో మాత్రం లేదు. అలాంటిదే ఇక్కడి కొండల్లోనూ ఉందని సారు ఎప్పుడూ అంటుండేవారు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించామంటే ఇక మనకు తిరుగే లేదు! నేనూ వస్తాను. ఆ రాయి మ్యూజియంలో ఉండాలి."

"దొరకనీ ముందు," అంది హైమవతి. ఆవిడకు మ్యూజియం పట్టలేదు. ఒంటి మీది బట్ట కూడా తిరిగి రాని మనిషి, తన కోసం ఒక వస్తువు దాచి ఉంచాడు. అది చేతికి రావాలి. లోకంలో ఆవిడకిక కావలసింది ఆ ఒక్కటే.

తేనెపుట్టు అనే కొండ ఊళ్ళో కిల్లో గాసన్న దారి చూపడానికి ఒప్పుకున్నాడు. కొండ అంచుల్లో వేలాడే తేనెపట్టులు దింపడం అతని పని. భుజాన అడ్డతీగ నారతో పేనిన లావుపాటి తాడు చుట్ట, నడుముకు కత్తి, నోటి నిండా మాటలు.

తొలకరి ఇంకా పడలేదు. ఎండ మాత్రం పేట్రేగిపోతోంది. ముగ్గురూ ఊరు దాటి కొండ ఎక్కి, రెండు శిఖరాల నడుమ ఇరుకు కనుమ చేరేసరికి అక్కడ మనిషెత్తు రాళ్ళ కుప్ప ఒకటి కనిపించింది. గాసన్న రొంటిన దోపుకున్న గులకరాయి తీసి కుప్ప మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

"మీ రాళ్ళేవమ్మా?"

"ఏ రాళ్ళు?"

"ఓలమ్మో! ఒట్టి సేతుల్తో వచ్చీసినారా? ఈ కనుమ దాటీవోళ్ళు ఎవలి ఊరి రాయి ఆలు తెచ్చి దారితల్లికి ఎయ్యాల. పోనీలే, రేపు తిరిగొచ్చీటప్పుడు ఏ రాయైనా ఏసీయండి. కానైతే ఒకటి, కుప్ప మీద రాయి ముట్టుకోకండి. ఎవలు ఏసిన రాయి తీసీసినారో ఆలు దారి తప్పిపోతారు. సచ్చినోడైనా సరే, ఇంటికి దారి దొరకదు."

ఉమాపతి రాళ్ళ కుప్పను చూసి ఉండబట్టలేక అప్పటికే ఒక దాన్ని పట్టుకోబోయాడు. గాసన్న అతని చెయ్యి మీద ఒక్కటి చరిచాడు. "బాబూ! నీకు పున్నెం ఉంటాది, సెయ్యి తియ్యి!"

హైమవతి నవ్వింది. చాలా కాలానికి నవ్వడంతో దవడలు నొప్పి పుట్టాయి.

*

మధ్యాహ్నానికి చుక్క చూపిన లోయలో దిగారు. ఊటనీళ్ళ వల్ల ఎండల్లోనూ తడారని లోయ అది. వెదురు పొదలు దారి ఇవ్వలేదు. గాసన్న కత్తి ఖణేల్ ఖణేల్ మని మోగింది. జలగలు మడమలు పట్టుకున్నాయి. హైమవతి చేతిలోని ఫోన్, "గమ్యం చేరారు," అని చల్లగా చెప్పింది.

చేరింది ఎక్కడికని? చుట్టూ వెదురు, అడుగున బురద, నడుమ ఒక పుట్ట. గుహ కాదుకదా, తల దాచుకునే బండ కూడా లేదు.

"ఇంకాస్త ముందుకు చూద్దాం!" అని ఉమాపతి పొదలోకి దూరాడు. దూరినంత వేగంగానూ ఆగిపోయాడు. పుట్ట వెనక నల్లగా ఏదో లేచి నిలబడింది. మూతి నిండా మట్టి, చేట లాంటి చేతులు.

"ఎలుగ్గొడ్డు! కదలొద్దు!" అని గాసన్న గొంతు నొక్కిపట్టి హెచ్చరించాడు. "పరిగెట్టినారా, సీరేస్తాది! బాబూ, ఊపిరి కూడా తియ్యకు!"

ఉమాపతికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలుగు ఒకడుగు ముందుకు వేసింది, గాలి పీల్చింది, గుర్రుమంది. గాసన్న చేతిలోని కత్తితో పక్కనున్న వెదురు బొంగు మీద టకటకటక వాయిస్తూ గొంతెత్తి బూతులు లంకించుకున్నాడు. వాటిని ఇక్కడ రాయడం బాగోదు. ఎలుగు కాసేపు విని, విసుగుపుట్టినట్టుగా వెనక్కి తిరిగి వెదురులోకి వెళ్ళిపోయింది.

ఉమాపతి బురదలో కూలబడ్డాడు. "వెళ్ళిపోదాం వదినా. ఇక్కడేమీ లేదు. సారు ఏదో తొందరలో పెట్టిన చుక్క..."

హైమవతి ఇంత దూరం వచ్చింది. ఇక్కడ కూడా లేడు. మంచులో లేడు, చితి మీద లేడు, పిలిచిన చోటా లేడు. పుట్ట పక్కనే కూర్చుని ఏడ్చేసింది. మగవాళ్ళిద్దరూ ఏం చెయ్యాలో తెలియక వెదురు ఆకులు చూస్తూ నిలబడ్డారు.

ఏడుస్తూనే కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ అంతే కదా ఆయన! గ్యాస్ కట్టెయ్యడు, తలుపు వెయ్యడు. పటం వాడుకుని గుండీ వెనక్కే వదిలేస్తాడు. "పని అవగానే సున్నాకి తీసుకురావయ్యా! లేకపోతే పెట్టిన చుక్క ఆ కాలం నాటి చోటే గుర్తుంచుకుంటుంది," అని ఎన్నిసార్లు మొత్తుకుందో. ఆయన ఏనాడూ చెవిన వేసుకోలేదు. పెద్ద పెద్ద కాలాలు తిప్పి, తీరా వెనక్కి తెచ్చేటప్పుడు సున్నాకి ఒక్క గీత ఇవతలే ఆపేసేవాడు.

ఏడుపు టక్కున ఆగింది.

"ఉమాపతీ! మన దేశం ఏడాదికి ఎంత జరుగుతోంది?"

"ఇప్పుడా వదినా? ఎలుగుబంటి ఇంకా..."

"ఎంత!"

"అయిదు సెంటీమీటర్లు, అటూ ఇటూగా."

"నా పట్టీ మీద ఒక్క గీత అంటే లక్షేళ్ళు. లక్షేళ్ళకి అయిదు కిలోమీటర్లు! ఈయన గుండీ ఒక్క గీత వెనక వదిలేసి చుక్క పెట్టాడు. లక్షేళ్ళ కిందట ఆ గుహ ఇదిగో ఇక్కడ ఉండేది. ఇప్పుడు లేదు. ఈశాన్యానికి నడిచి వెళ్ళిపోయింది, కొండలతో సహా!"

ఉమాపతి నోరెళ్ళబెట్టాడు. గాసన్న ఆవిడ వైపు, కొండల వైపు మార్చి మార్చి చూసి, "కొండలు నడిసెల్లినాయా? నానెరిగి ఇక్కడే ఉన్నాయే!" అన్నాడు.

"పద గాసన్నా, దారిలో చెప్తాను," అంది హైమవతి. ఆవిడ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, మొహంలో మాత్రం నవ్వు. చచ్చి రెండేళ్ళయిన మొగుణ్ణి ఇంకా తిట్టుకోగలిగినందుకు ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

*

ఆ రాత్రి దారిలో ఒక బండ కింద తలదాచుకుని, పొద్దున్నే ఈశాన్యం వైపు గట్టు దాటారు. అవతల గెడ్డ అనే కొండవాగు ఒకటి ఎండిపోయి, బండల మధ్య నీటి చార మాత్రం మిగిలి ఉంది. ఆ గెడ్డ కొండలోకి దూరే చోట చీకటిగా ఒక నోరు కనిపించింది. సరిచేసిన చుక్క సరిగ్గా దాని మీదే ఉంది.

"టార్చీలు వెయ్యండి! ఒకరి వెనక ఒకరు!" అంది హైమవతి.

మొదట మోకాళ్ళ మీద, తరవాత పొట్ట మీద పాకారు. ఉమాపతి ఒకచోట ఇరుక్కుంటే గాసన్న వెనక నుంచి తోశాడు. "రాత్రి మూడు ముంతల అంబలి తాగొద్దంటే విన్నావా బాబూ?" గబ్బిలాలు చెవుల పక్కనుంచి సర్రున పోయాయి. ఉన్నట్టుండి పైకప్పు లేచిపోయి, ముగ్గురూ ఒక పెద్ద గదిలో నిలబడ్డారు. నడినెత్తిన బావి నోరంత కంత. అందులోంచి పగటి వెలుతురు దిగి, ఎదురుగా ఉన్న గోడ మీద పడుతోంది.

గోడ నిండా ఏటవాలు చారలు. ప్రతి చారలోనూ ఎర్రని గార్నెట్లు మెరుస్తున్నాయి. పాత వరదల మరక గోడ మీద నడుమెత్తున గీసినట్టుంది. దానికి బాగా పైన, చెయ్యి చాపితే అందే ఎత్తులో, ఉలితో తొలిచిన చిన్న గూడు. గూట్లో రొట్టెముక్కంత రాయి.

దాన్ని ఎవరూ చూపించక్కర్లేకపోయింది. గోడ చారలు వచ్చి ఆ రాయిలోకి వెళ్ళి, మళ్ళీ గోడలోకి పోతున్నాయి. రాయి రంగు కొద్దిగా తేడా. చారలు మాత్రం ఒకే వాలులో ఉండేట్టు ఎంతో ఓపికగా తిప్పి తిప్పి కూర్చాడు దివాకరం. గ్యాస్ కట్టెయ్యని మనిషి!

"అదే! అదే వదినా!" ఉమాపతి అరిచాడు.

హైమవతి రెండు చేతులతో రాయిని బయటికి తీసింది. బరువుగా, చల్లగా ఉంది. చెంపకు ఆనించుకుంది. ఆయన మంచులోంచి ఏరి, సముద్రం దాటించి, ఇలా పాక్కుంటూ తెచ్చిన రాయి. ఇక ఇది నాది, అనుకుంది. మంచం పక్కన పెట్టుకుంటాను.

దూరంగా ఉరిమింది. గాసన్న కంత వైపు తలెత్తి చూశాడు. ఆకాశం నల్లబడింది.

"అమ్మా, సాలు! పైన కొండ మీద వాన దిగిపోనాది. గెడ్డ వచ్చీసిందంటే దారి మూసుకుపోద్ది. ఎలిపోదాం, బేగి!"

గాసన్న ముందు పాకాడు. అతని వెనక హైమవతి, ఆఖరున ఉమాపతి. సగం దారిలో ఆవిడ ఆగిపోయింది. టార్చి వెలుగులో ఆవిడ మనసుకు కనిపిస్తున్నది దారి కాదు, రాయి తీసేశాక గోడలో మిగిలిన ఆ గూడు. చారలు వచ్చి వచ్చి అక్కడ తెగిపోయాయి. దివాకరం పోయాక తన ఇల్లు అచ్చం అలాగే ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, మధ్యలో ఒక ఖాళీ. పదమూడు కోట్ల ఏళ్ళు విడిపోయి ఉన్న దాన్ని ఆయన కలిపి వెళితే, తనొచ్చి మళ్ళీ విడదీసింది. ఎవరు వేసిన రాయి తీస్తే వాళ్ళు దారి తప్పుతారని నిన్ననే కదా విన్నది. నమ్మకమో కాదో ఆవిడకే తెలియదు. కానీ ఆయనకు ఇప్పటికే దారి లేదు.

"ఉమాపతీ, వెనక్కి! నన్ను పోనీ!"

"ఏంటి వదినా? ఏమైంది?"

"రాయి పెట్టెయ్యాలి!"

"మతి పోయిందా! నీళ్ళ చప్పుడు వినిపించట్లేదూ?"

ఆవిడ వెనక్కి వెనక్కే పాకి అతన్ని తోసుకుంటూ గదిలో పడింది. ముందున్న గాసన్న కేకలు పెడుతూనే బయటపడ్డాడు. మరుక్షణం కొండ లోపల హోరు పుట్టింది. ఎర్రనీళ్ళు ఆ ఇరుకు దారిలోంచి బుస్సుమని గదిలోకి ఎగజిమ్మాయి. దారి మునిగిపోయింది.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. హైమవతి గోడ చేరి రాయిని గూట్లో పెట్టింది. చారలు కలవలేదు. మళ్ళీ తీసి తిప్పింది.

"ఇలా ఇవ్వండి!" ఉమాపతి ఆవిడ పక్కకు వచ్చాడు. నీళ్ళు నడుమును కొడుతున్నాయి. రాయి అతని చేతిలో పడింది. అతని భుజాన సంచీ తెరిచే ఉంది. ఒక్క క్షణం అతను దాన్ని చూసిన చూపు హైమవతి చూసింది.

"ఉమాపతీ," అంది.

అతను పెద్దగా ఊపిరి వదిలి, రాయిని తలకిందులు చేసి, గూట్లోకి నెమ్మదిగా నెట్టాడు. చారలు కలిశాయి. "సారుకి ఇలా పెట్టడమే ఇష్టం," అన్నాడు.

గూటి అంచున ఉలి దెబ్బకు రాలిన గోడ పెచ్చులు నాలుగైదు మిగిలి ఉన్నాయి. హైమవతి వాటిలోంచి ఒకటి తీసి రవికలో దోపుకుంది.

"అమ్మా! అమ్మా! బతికున్నారా?" పైన కంతలోంచి గాసన్న తల కనిపించింది. వానలో కొండ వెనక నుంచి పాక్కుంటూ ఎక్కాడు. "తాడు వదుల్తన్నాను! సంక కింద నుంచి సుట్టుకోండి! తేనెపట్టునే జారనివ్వలేదు, మిమ్మల్ని జారనిస్తానా!"

అడ్డనార తాడు నీళ్ళలో పడింది. ముందు హైమవతి ఎక్కింది. అరచేతులు చీరుకుపోయాయి, మోచేతులు బండకు గీసుకుపోయాయి. పైకి చేరాక గాసన్నతో కలిసి తనూ తాడు పట్టింది. "లాగండి! హైస! లాగండి!" ఉమాపతి బరువుకు ఇద్దరూ కిందా మీదా పడ్డారు. చివరికి అతను కంత అంచున పొట్ట ఆనించి, నీళ్ళు కక్కుతూ బయటపడ్డాడు. ముగ్గురూ వానలో వెల్లకిలా పడి నవ్వారో ఏడ్చారో వాళ్ళకే తెలియలేదు.

"రాయి?" అడిగాడు గాసన్న.

"ఉన్నచోటే ఉంది," అంది హైమవతి.

"మంచి పని సేసినావు తల్లీ," అన్నాడతను, తాడు చుట్టుకుంటూ.

తిరుగుదారిలో కనుమ దగ్గర హైమవతీ ఉమాపతీ గెడ్డలో ఏరుకున్న రాయి తలొకటి వేశారు. గాసన్న తృప్తిగా తలాడించాడు. హైమవతి రవికలోని పెచ్చు తీసి, కుప్ప మీద పెట్టబోయి ఆగింది. దాన్ని ఉమాపతి చేతిలో పెట్టింది.

"వచ్చే యాత్రకి నువ్వు వెళ్తున్నావు కదా. ఆయన పడిపోయిన చోటుకి ఎంత దగ్గరగా వెళ్ళనిస్తే అంత దగ్గరగా వెళ్ళి ఇది పెట్టు. మన ఊరి రాయి. ఆయన వెయ్యకుండానే కనుమ దాటేశాడు."

ఉమాపతి దాన్ని జేబు రుమాల్లో చుట్టాడు. మ్యూజియం మాట ఆ తరవాత అతని నోట రాలేదు.

*

సంక్రాంతి దాటాక ఒక ఉదయం హైమవతి పటం తెరిచేసరికి మంచు మీద కొత్త చుక్క ఉంది. కింద, "పెట్టాను వదినా. గుండీ సున్నాలోనే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను," అని ఉంది.

ఇంట్లో ఎవరూ లేరు. ఉండరు కూడా. అటుకుల గిన్నె పక్కన పెట్టుకుని ఆవిడ ఆ చుక్కను చాలాసేపు చూసింది. మన కొండలు ఏడాదికి అయిదు సెంటీమీటర్లు ఈశాన్యానికి పోతూనే ఉంటాయి. తనూ వాటి మీదే ఉంది కాబట్టి, ఊరికే కూర్చున్నా ఆయన నుంచి దూరం జరుగుతూనే ఉంటుంది. అది ఎవరూ ఆపలేరు. ఆ మాట తలుచుకుని ఆవిడ ఏడ్చింది. ఈసారి ఆపుకోవాలని చూడలేదు.

కళ్ళు తుడుచుకుని గుండీ పట్టుకుంది. వెనక్కి జరిపింది. సముద్రం ఇరుకైంది, మాయమైంది. ఇక్కడి చుక్కా అక్కడి చుక్కా వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆఫీసుకు వేళయింది. గుండీని సున్నాకి తేకుండా అలాగే వదిలేసి, హైమవతి లేచి బయటికొచ్చి తలుపు వేసింది.